మహాభారత ఉత్సవాల్లో కాలిన స్పీకర్లు: యాంప్లిఫైయర్ జోడీ కుదరని ఒక కేసు

చిత్తూరు జిల్లా పల్లెల్లో ధర్మరాజుల గుడి ఉన్న చోట వేసవిలో మహాభారత ఉత్సవాలు జరుగుతాయి. 18 పర్వాల కథను రోజుల తరబడి మధ్యాహ్నం హరికథగా చెబుతారు, రాత్రి వీధి నాటకంగా ఆడతారు. సౌండు పని చేసేవాళ్లకు ఇంతకు మించిన పరీక్ష లేదు. పెళ్లి పందిట్లో సిస్టమ్ నాలుగు గంటలు మోగితే సరిపోతుంది. ఇక్కడ మధ్యాహ్నం ఎండలో మొదలుపెట్టి రాత్రి దాకా, పల్లె కరెంటు మీద, ఆరుబయట, వరుసగా రోజులకు రోజులు మోగాలి. యాంప్లిఫైయర్‌కూ స్పీకర్లకూ జోడీ కుదరకపోతే ఆ లోపం ఇక్కడ దాగదు.

చిత్తూరుకు దగ్గరలోని ఒక ఊరి ఉత్సవ కమిటీ సొంతంగా సామాను కొనుక్కుంది. కింద బేస్ పలికే 15 అంగుళాల వూఫర్, పైన హారన్ ఉన్న బాక్సులు నాలుగు, రెండు చానళ్ల యాంప్లిఫైయర్ ఒకటి, చిన్న మిక్సర్ ఒకటి. ద్రౌపది కల్యాణం నాటికే మూడు బాక్సుల్లో పై సౌండు పోయింది, నాలుగో దాంట్లో బేస్ గరగరలాడుతోంది. హరికథ చెప్పే భాగవతార్ మాటలు వెనక కూర్చున్నవాళ్లకు గొణుగుడులా వినిపిస్తున్నాయి. కమిటీ పెద్దాయన బాక్సులను ఆటోలో వేయించుకుని నా దగ్గరికి వచ్చేసరికి ఆయన చేతిలో రెండు సలహాలు ఉన్నాయి. ఒకరు యాంప్లిఫైయర్ చిన్నదైంది, చానల్‌కు 1600 వాట్లది కొనమన్నారు. ఇంకొకరు యాంప్లిఫైయర్ ఎక్కువైంది, దాని నాబ్ మూడో వంతుకు తిప్పి వాడుకోమన్నారు. రెండో సలహా ఖర్చు లేనిది కాబట్టి ముందు దాన్నే పాటించారు. ఆ రాత్రే మూడో హెచ్‌ఎఫ్ యూనిట్ (హారన్ వెనక ఉండి పై సౌండు ఇచ్చే భాగం) పోయింది.

"నాయనా, పెట్టె మీద 1600 అని వేసుంది. మన యాంప్లిఫైయర్ అంత లేదు కూడా. మరి ఎట్లా కాలింది?" అని అడిగారాయన. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు. అందుకే ఈ కేసును వివరంగా రాస్తున్నాను.

పెట్టె మీది అంకె

బాక్సు వెనక పెద్ద అక్షరాల్లో ఉన్న 1600 దాని పీక్, అంటే క్షణకాలపు శిఖరాన్ని తట్టుకునే సామర్థ్యం. కాగితం తీసి చూస్తే మూడు అంకెలు ఉన్నాయి: నిరంతర సామర్థ్యం 400 వాట్లు, ప్రోగ్రామ్ 800, పీక్ 1600. ఇవి మూడు వేర్వేరు పరీక్షల ఫలితాలు కావు. ఏఈఎస్ (ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ) పద్ధతిలో పింక్ నాయిస్ లాంటి, అన్ని స్వరాలూ కలిసిన హోరు సిగ్నల్‌ను రెండు గంటల పాటు స్పీకర్‌లోకి పంపి, దెబ్బతినకుండా ఎంత తట్టుకుందో కొలుస్తారు. ఆ సిగ్నల్‌లో శిఖరాలు సగటు కన్నా 6 డెసిబెల్స్ పైన ఉంటాయి, అంటే పవర్‌లో నాలుగు రెట్లు. కొలిచిన 400ను నాలుగుతో గుణిస్తే 1600 పీక్ అవుతుంది, రెండుతో గుణిస్తే 800 ప్రోగ్రామ్ అవుతుంది. కొలిచిన అంకె ఒకటే, మిగతా రెండూ గుణకారం.

కొనేవాళ్లు చూడాల్సింది ఆ 400ను. అది కూడా మొత్తం బాక్సుకు కలిపి ఇచ్చిన అంకె. లోపల ఉన్న హెచ్‌ఎఫ్ యూనిట్ ఒక్కదానికే అయితే 40 వాట్లు. కాలింది ఆ 40 వాట్లదే.

యాంప్లిఫైయర్ వైపు లెక్క ఇది: 8 ఓంల లోడుకు చానల్‌కు 500 వాట్లు, 4 ఓంలకు 800. నాలుగు బాక్సులూ 8 ఓంలవి. ఒక్కో చానల్‌కు రెండేసి ప్యారలల్‌గా కలిపారు కాబట్టి లోడు 4 ఓంలు, ఒక్కో బాక్సుకు వచ్చే వాటా 400 వాట్లు. కాగితం మీద చూస్తే తప్పు లేదు. కొంత బిగుతుగా ఉంది కానీ కాలిపోయే జోడీ కాదు.

విప్పి చూస్తే

స్పీకర్ ఎలా పోయిందో దాని శవమే చెబుతుంది. యూనిట్ వెనక మూత స్క్రూలు తీసి, ఊగి శబ్దం చేసే పలచని డయాఫ్రంను దాని తీగచుట్టతో (కాయిల్) సహా బయటికి లాగాను. టైటానియం గుమ్మటం మీద ఒక్క పగులు లేదు, అంచు మడత చిరగలేదు. కాయిల్ మాత్రం ఒక వైపు నల్లబడి, వార్నిష్ కరిగి చుట్లు ఒకదానికొకటి అంటుకున్నాయి. ఇంకో యూనిట్‌లో కాయిల్ ఉబ్బి అయస్కాంతం సందులో ఇరుక్కుంది. మూడింటిలోనూ మీటరు పెడితే ఓపెన్, అంటే కాయిల్ తీగ తెగింది. డయాఫ్రం హద్దు దాటి ఊగి పోయినదైతే గుమ్మటం అంచు పగులుతుంది, లేదా లీడు తీగ మెరుస్తూ తెగి ఉంటుంది. ఇక్కడ అదేమీ లేదు. ఇది వేడి చేసిన పని.

నాలుగో బాక్సు వూఫర్‌కు మీటరులో 5.7 ఓంలు చూపించింది, 8 ఓంల స్పీకర్‌కు అది సరైన డీసీ రీడింగే. కానీ కోన్ మీద రెండు అరచేతులూ సమంగా ఆనించి మెల్లగా లోపలికి నొక్కితే వేళ్లకు గరుకు తగిలింది. వెనక గాలి రంధ్రం దగ్గర ముక్కు పెడితే కాలిన వార్నిష్ వాసన. అది కూడా వేడి బాధితురాలే, ప్రాణం మాత్రం మిగిలింది.

ఈ వేడి సంగతి కొంచెం చెప్పుకోవాలి. స్పీకర్‌లోకి పంపిన కరెంటంతా శబ్దం అవుతుందని చాలామంది అనుకుంటారు. ఒక వాటుకు ఒక మీటరు దూరంలో 97 డెసిబెల్స్ ఇచ్చే మంచి బాక్సు కూడా శబ్దంగా మార్చేది సుమారు 3 శాతమే. మిగతా 97 శాతం కాయిల్‌లో వేడి అవుతుంది. కాయిల్ వేడెక్కితే రాగి నిరోధం పెరుగుతుంది, 200 డిగ్రీలు పెరిగేసరికి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అప్పుడు శబ్దం తగ్గుతుంది. తగ్గింది కదా అని ఆపరేటర్ ఇంకా పెంచుతాడు. మధ్యాహ్నం ఎండ మొహాన కొట్టేలా నల్లటి బాక్సులను నిలబెట్టిన చోట ఈ చక్రం ఇంకా త్వరగా తిరుగుతుంది.

కాయిల్ చూసేది గంటల తరబడి పడే సగటు వేడిని. హరికథలో, నాటకంలో మాటకూ మాటకూ మధ్య సందు ఉంటుంది, మద్దెల దెబ్బ పడి ఆగుతుంది. శిఖరాలు సగటు కన్నా 12 డెసిబెల్స్ దాకా, అంటే 16 రెట్లు పైన ఉంటాయి. శిఖరానికి 400 వాట్లు తాకే సిస్టమ్‌లో సగటు 25 వాట్లే. అలాంటి సిగ్నల్ ఈ బాక్సును ఏ రోజూ కాల్చదు. మరి ఆ సగటును పెంచింది ఏమిటి?

మైదానంలో

రాత్రి నాటకం మొదలయ్యే వేళకు అక్కడికి వెళ్లి కొలవడం మొదలుపెట్టాను. పగలు కొలిస్తే ఈ కేసు దొరికేది కాదు. సీరియల్ లైట్లు, వేదిక మీది ఫోకస్ లైట్లు, టీ కొట్ల మోటార్లు అన్నీ వెలిగాక యాంప్లిఫైయర్ ప్లగ్గు దగ్గర 184 వోల్టులు ఉంది. 230కి అది 80 శాతం. ఈ యాంప్లిఫైయర్‌లో పాత తరహా ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, కాబట్టి లోపలి డీసీ వోల్టేజీ కూడా అదే పాళ్లలో పడిపోతుంది. పవర్ వోల్టేజీ వర్గంతో మారుతుంది కాబట్టి మిగిలేది 64 శాతమే. కొత్త ఎస్ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) రకాల్లో కొన్ని ఈ లోటును సర్దుకుంటాయి, ఇది సర్దుకోదు.

రెండోది తీగ. ఆపరేటర్ మిక్సర్ పక్కనే యాంప్లిఫైయర్ పెట్టుకుని జనం వెనక కూర్చున్నాడు. అక్కడి నుంచి వేదిక దాకా 40 మీటర్లు 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ లాగారు. రానూ పోనూ 80 మీటర్లు, నిరోధం ఒక ఓం పైచిలుకు. 4 ఓంల లోడుకు ఒక ఓం తీగ అంటే పవర్‌లో ఇంకో మూడో వంతు పైగా పోయినట్లే.

లెక్క కట్టి పెద్దాయనకు చూపించాను. 4 ఓంల దగ్గర 800 వాట్లంటే 56.6 వోల్టులు. కరెంటు లోటుతో అది 45కు దిగింది. తీగ తిన్నాక బాక్సు దగ్గరకు చేరేది 36 వోల్టులు. 8 ఓంల బాక్సులో 36 వోల్టులంటే 160 వాట్లు. 400 ఇవ్వాల్సిన చోట 160.

ఇప్పుడు మైదానానికి కావాల్సింది ఎంతో చూడాలి. చివరి వరుస వేదికకు 40 మీటర్లు. ఆరుబయట దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది, 40 మీటర్లకు 32 తగ్గుతుంది. ఒక వాటు ఇస్తే అక్కడ 65 మిగులుతుంది. నాలుగు బాక్సులూ కలిస్తే ఇంకో 6 కలిపి 71. జనం సందడి మీద మాట తెలియాలంటే 85 కావాలి. అంటే ఒక్కో బాక్సుకు సగటున 25 వాట్లు, శిఖరాలకు 400. సరిగ్గా కాగితం మీద ఉన్నంత. చేతిలో ఉన్నది 160. నాలుగు డెసిబెల్స్ లోటు.

ఆ లోటును ఆపరేటర్ మిక్సర్ మీద శబ్దం పెంచే మీట, ఫేడర్‌తో పూడ్చబోయాడు. శిఖరాలు యాంప్లిఫైయర్ కప్పుకు తగిలి చదునయ్యాయి (దీన్నే క్లిప్ అంటారు), వాటి కింద ఉన్న మెల్లని ధ్వనులన్నీ పైకి లేచాయి. తాళాలు, గజ్జెలు, హార్మోనియం పై స్వరాలు అన్నీ హెచ్‌ఎఫ్ యూనిట్ వాటా. మామూలుగా రెండు మూడు వాట్లతో గడిచే యూనిట్‌కు దానికి ఎన్నో రెట్లు పడింది. దానికి తోడు శిఖరం తెగినప్పుడు పుట్టే కొత్త స్వరాలూ దాని నెత్తినే పడతాయి. క్లిప్ అయితే యాంప్లిఫైయర్ డీసీ పంపుతుంది, అదే కాయిల్‌ను కాలుస్తుంది అని చాలామంది సౌండువాళ్లు గట్టిగా నమ్ముతారు. ఆ నమ్మకం తప్పు. రెండు వైపులా సమంగా తెగిన అలకు సగటు సున్నాయే. కాల్చేది పెరిగిన సగటు పవర్.

నాబ్ తగ్గించమన్న సలహా ఎందుకు నష్టం చేసిందో ఇక్కడే తెలుస్తుంది. యాంప్లిఫైయర్ మీది నాబ్ దాని పవర్‌కు హద్దు కాదు. అది లోపలికి వచ్చే సిగ్నల్‌ను తగ్గించేది మాత్రమే. నాబ్ తగ్గితే ఆపరేటర్ మిక్సర్ పెంచాడు, మిక్సర్ మీటరు ఎర్రగీత దాటింది, అల అక్కడే తెగింది. అల తెగి వచ్చిందని యాంప్లిఫైయర్‌కు తెలియదు కాబట్టి దాని క్లిప్ లైటు వెలగలేదు. హెచ్చరిక ఇచ్చే ఒక్క దీపమూ ఆరిపోయింది.

అసలు హంతకి

ఇంత చూశాక కూడా మూడు యూనిట్లు ఇంత త్వరగా పోవడానికి ఇది చాలదనిపించింది. మరునాడు హరికథకు కూర్చున్నాను. భాగవతార్ మంచి విద్వాంసుడు. చిడతలు వాయిస్తూ కథ ఉద్ధృతి పెరిగే కొద్దీ వేదిక అంచుకు వస్తాడు. బాక్సులు వేదిక అంచుకు సమంగా ఉన్నాయి. ఆయన అంచు దాటి ముందుకు వంగగానే మెడలోని మైకు బాక్సుల ఎదుటికి వస్తోంది. వెంటనే కూత. ఆపరేటర్ 40 మీటర్ల దూరంలో ఉన్నాడు, ఏ చానలో వెతికి తగ్గించేసరికి మూడు నాలుగు సెకండ్లు.

ఆ కూత 2, 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగకుండా సాగే ఒకే స్వరం. దానికి సందులు లేవు, శిఖరానికీ సగటుకూ తేడా లేదు. యాంప్లిఫైయర్‌లో ఉన్న పవర్ మొత్తం ఒక్క స్వరంగా హెచ్‌ఎఫ్ యూనిట్‌లోకి పోతుంది. బేస్‌నూ పై సౌండునూ విడదీసే క్రాసోవర్‌లోని రెసిస్టర్ కొంత తిన్నా యూనిట్‌కు చేరేది 40 వాట్లు దాటుతుంది. అప్పటికే క్లిప్‌తో వేడెక్కి ఉన్న సన్నని కాయిల్‌కు అంతకు మించి అక్కర్లేదు. వూఫర్‌ను మాత్రం వేరే వేడి తిన్నది: హరికథకు ముందు, నాటకానికి ముందు ఫోనులోంచి వేసే సినిమా పాటలు. ఇప్పటి పాటల్లో సగటు, శిఖరానికి దగ్గరగా నొక్కి ఉంటుంది. బేస్ నాబ్ పూర్తిగా తిప్పి గంటల కొద్దీ వేశారు.

1600 వాట్ల యాంప్లిఫైయర్ కొని ఉంటే ఏమయ్యేది? మాట శుభ్రంగా వినిపించేది, ఒప్పుకుంటాను. కానీ సిగ్నల్ హద్దు దాటకుండా ఆపే లిమిటర్ లేకుండా అదే కూత, అదే పాటలు అంత పవర్‌తో వస్తే ఈసారి వూఫర్లూ మిగిలేవి కావు. నా పద్ధతి ఇది: శుభ్రమైన మాటకూ సంగీతానికీ బాక్సు నిరంతర సామర్థ్యానికి ఒకటింబావు నుంచి రెండు రెట్ల దాకా యాంప్లిఫైయర్ ఉండాలి, అదీ ఆ బాక్సు ఓంల దగ్గర, ప్లగ్గులో ఉన్న అసలు వోల్టేజీ మీద. రెండు రెట్ల వైపు వెళ్లేకొద్దీ లిమిటర్ తప్పనిసరి.

చేసిన మార్పులు

కొత్త పెద్ద యాంప్లిఫైయర్ వద్దన్నాను. ఉన్నలాంటిదే ఇంకొకటి, 8 ఓంలకు 500 ఇచ్చేది కొనిపించాను. ఇప్పుడు ఒక్కో బాక్సుకు ఒక్కో చానల్. లోడు 8 ఓంలు, పవర్ 400కు 500. యాంప్లిఫైయర్లు చల్లగా నడుస్తాయి, తీగ నష్టం దానంతట అదే దాదాపు సగానికి తగ్గుతుంది. వేదిక దగ్గరి బాక్సుల యాంప్లిఫైయర్‌ను వేదిక పక్కకు మార్చి, మిక్సర్ నుంచి అక్కడికి బయటి గరగర పట్టని బ్యాలెన్స్‌డ్ కేబుల్ లాగాం. స్పీకర్ తీగలు 2.5 చదరపు మిల్లీమీటర్లవి వేశాం. గుడి మీటరు బోర్డు నుంచి సౌండుకు విడిగా లావు తీగ వేసి, మధ్యలో సర్వో స్టెబిలైజర్ పెట్టాం. లైట్లన్నీ వేగంగా వెలిగి ఆరుతున్నా ప్లగ్గులో 228, 230 నిలిచింది.

అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది వాట్లు కాదు, బాక్సుల చోటు. వేదిక దగ్గర రెండే ఉంచి, వాటిని అంచుకు రెండు మీటర్లు ముందుకు జరిపి కొంచెం బయటికి తిప్పాం. భాగవతార్ ఎంత ముందుకు వచ్చినా మైకు బాక్సుల వెనకే ఉంటుంది. మిగతా రెండింటిని 20 మీటర్ల దగ్గర వెదురు గడల మంచెల మీద పెట్టి వెనక వరుసల వైపు కిందికి వంచాం. ఇప్పుడు ఏ జత అయినా 20 మీటర్లకే పలకాలి. లెక్క చూడండి: 20 మీటర్లకు తగ్గేది 26, రెండు బాక్సులకు 3 కలిపితే ఒక వాటుకు 74. 86 కావాలంటే సగటున 16 వాట్లు, శిఖరాలకు 250. చేతిలో 500 ఉంది.

మధ్య బాక్సులకు, సిగ్నల్‌ను సర్దే ప్రాసెసర్‌లో ఆలస్యం పెట్టాలి, లేకపోతే ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. వేసవి రాత్రి గాలిలో శబ్దం సెకండుకు 350 మీటర్లు పోతుంది, 20 మీటర్లకు 57 మిల్లీసెకండ్లు. దానికి ఇంకో 12 కలిపాను. అలా కలిపితే చెవికి వేదిక శబ్దం ముందు చేరుతుంది, వెనక ఉన్నవాళ్లకు కూడా మాట నటుడి నోటి నుంచే వస్తున్నట్లు ఉంటుంది.

లిమిటర్‌ను వాట్లలో కాకుండా వోల్టులలో పెట్టుకోవాలి. ఈ యాంప్లిఫైయర్ సిగ్నల్‌ను 40 రెట్లు చేస్తుంది. నెమ్మదిగా పనిచేసే సగటు లిమిటర్‌ను ఒక వోల్టు దగ్గర కట్టేశాను. బాక్సు దగ్గర అది 40 వోల్టులు, 200 వాట్లు, నిరంతర సామర్థ్యంలో సగం. పాటలు గంటల తరబడి వేసినా వూఫర్ దాన్ని మోయగలదు. వేగంగా పట్టే పీక్ లిమిటర్‌ను ఒకటిన్నర వోల్టు దగ్గర పెట్టాను, అంటే యాంప్లిఫైయర్ క్లిప్ అయ్యే చోటుకు కొంచెం కింద. నాబ్‌లు పూర్తిగా తెరిచి టేపు అంటించాను. కూత స్వరాల దగ్గర ఈక్వలైజర్‌లో సన్నని కోతలు రెండు పెట్టాను. లిమిటర్ ఒక్కటే కూతను ఆపలేదు, 200 వాట్ల కూత కూడా హెచ్‌ఎఫ్ యూనిట్‌కు ఎక్కువే. దానికి మైకు చోటే మందు.

అర్జున తపస్సు నాడు ఈ అమరికంతా మార్చాల్సి వచ్చింది. ఆ రోజు జనం వేదికను వదిలి తపస్సు మాను చుట్టూ చేరతారు. అర్జున వేషధారి పద్యం పాడుతూ మాను ఎక్కుతుంటే కింద తడి బట్టలతో సాష్టాంగపడిన ఆడవాళ్లు ఉంటారు. ఆ చోట మాట వినపడకపోతే మిగతా రోజులన్నీ బాగా వినిపించినా ఊరు క్షమించదు. మధ్య బాక్సులను మాను వైపు తిప్పి, వాటి ఆలస్యాన్ని సున్నా చేసి, వేదిక దగ్గరి రెండింటిని ఆపేశాం. ఈ మార్పును ప్రాసెసర్‌లో వేరే నంబరు కింద దాచిపెట్టాను. ఆపరేటర్ ఒక్క బటన్ నొక్కితే చాలు.

దుర్యోధన వధకు జనం పెరుగుతారని పక్క ఊరి నుంచి ఇంకో రెండు బాక్సులు తెచ్చి ఉన్న చానళ్లకే కలుపుదామని కుర్రాళ్లు అడిగారు. మధ్య యాంప్లిఫైయర్‌కు ఒక్కోటి కలిపితే 4 ఓంలు, దానికి అభ్యంతరం లేదు. కానీ తెచ్చిన వాటిలో ఒకటి 4 ఓంలది. మన 8తో కలిస్తే 2.7 ఓంలు, ఈ యాంప్లిఫైయర్ హద్దు 4. వద్దని వెనక్కి పంపించాను. గుడి మీది గొట్టం స్పీకర్లను మాత్రం ముట్టుకోలేదు. అవి ఓంలు కాకుండా వాట్లు కూడి చూసే 100 వోల్టుల లైను మీద, ఒక్కోటి 30 వాట్ల ట్యాప్‌తో (స్పీకర్ ఎంత పవర్ తీసుకోవాలో ఎంచుకునే కొస) ఐదు ఉన్నాయి, 250 వాట్ల యాంప్లిఫైయర్‌కు 150 వాట్ల లోడు. అక్కడ ట్యాప్‌ల మొత్తం యాంప్లిఫైయర్ పవర్‌లో 80 శాతం దాటకుంటే చాలు.

మిగిలిన రోజులన్నీ చివరి వరుసలో 85కూ 88కీ మధ్య మోగింది, క్లిప్ లైటు వెలగలేదు. మొదటి వరుసలో అంతకు ముందు చెవులు మూసుకున్న పిల్లలు ఈసారి అక్కడే నిద్రపోయారు. ఆరుబయట రాత్రి పది దాటాక మైకు మోగకూడదన్నది 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల మాట. ఉత్సవాలకు ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. బాక్సులు కిందికి వంగి ఉండటంతో మైదానం అవతలి ఇళ్ల వైపు పోయే శబ్దం బాగా తగ్గింది. అర్ధరాత్రి మైకు కట్టేశాక నటులు పాత పద్ధతిలోనే, గొంతెత్తి పాడారు.

మూడు డయాఫ్రంలు కంపెనీవే వేశాను. గరగరలాడిన వూఫర్‌ను ఉత్సవాల వరకు మధ్య బాక్సులో నెట్టుకొచ్చి, అగ్నిగుండం అయిన మరునాడు రీకోన్‌కు (కొత్త కోన్, కాయిల్ వేయడానికి) తీసుకున్నాను. బజారులో ఆ సైజు కిట్లు 4 ఓంలవీ 8 ఓంలవీ ఒకే రకం డబ్బాలో దొరుకుతాయి. కిట్ విప్పగానే కాయిల్‌కు మీటరు పెట్టి చూడాలి: 5 నుంచి 6 ఓంల పైచిలుకు చూపిస్తే 8 ఓంలది, 3 దగ్గర చూపిస్తే 4 ఓంలది. కోన్ అతికించాక తెలిస్తే మళ్లీ చింపాల్సిందే. ఈ బాక్సుకు 5.8 చూపించింది, అతికించి ఒక రోజు ఆరబెట్టి పంపించాను.